పద్నాలుగు వేల అంచు రాతలు

మూడో సీసా మెడ దాకా వచ్చింది. ఫిల్టరు కుళాయి నుంచి నీళ్ళు దారంలా సన్నగా పడుతున్నాయి. ఇంకా నాలుగు ఖాళీ సీసాలు మూతలు తీసుకుని గట్టు మీద వరసగా నిలబడి ఉన్నాయి. వాటి పక్కన, తడి తగలకుండా మడిచి వేసిన తువ్వాలు మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది, అందులో ఒక ఆకుపచ్చ గీత ఎడమ నుంచి కుడికి పాకుతోంది. నలభై ఒక్క శాతం. ఆమె సీసా మార్చింది. నలభై ఒక్క శాతమే. నీళ్ళనీ గీతనీ మార్చి మార్చి చూస్తుంటే రెండింట్లో ఏది ఎక్కువ మొండిదో తెలియడం లేదు. ఆదివారం పొద్దున్న పది దాటి ఐదు నిమిషాలయింది. పదకొండుకి పాత సర్వర్లు ఆపేస్తారు. ఆఫీసు నేలమాళిగలో, ఎప్పుడూ చల్లగా, ఎప్పుడూ హోరుమంటూ ఉండే ఆ గదిలో ఏళ్ళ తరబడి తిరుగుతున్న డిస్కులు ఆగిపోతాయి. రేపు ఎవరో వచ్చి వాటిలో ఉన్నదంతా తుడిచేసి, అట్టపెట్టెల్లో పెట్టి, గది తాళం అప్పగించి వెళ్ళిపోతారు. ఈలోగా కంపెనీ వికీ మొత్తం, అంటే లిఫ్టు ఎలా బిగించాలి, ఎలా విప్పాలి, ఏ మోడల్‌కి ఏ కొలత అని ఇన్నేళ్ళుగా రాసి పెట్టుకున్న ఆరువేల పేజీలూ, క్లౌడ్‌లోకి, ఎక్కడో ఎవరివో యంత్రాల్లోకి చేరిపోవాలి. పేజీలు నిన్ననే చేరిపోయాయి. వాటిని మోయడానికి తయారుగా దొరికే పరికరం ఉంది. మిగిలింది ఆమెది. ఆ పేజీల అంచున మెకానిక్కులు రాసుకున్న రాతలు, పద్నాలుగు వేల పైచిలుకు.

ఆ అంచు ఆమె కట్టిందే. తొమ్మిదేళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన ఆరో నెలలో, ఇంకా మీటింగుల్లో కుర్చీ చివర కూర్చునే రోజుల్లో. మెకానిక్కులు పేజీల మీద చెయ్యి పెట్టకూడదు, పెడితే పాడు చేస్తారు అన్నది పైవాళ్ళ మాట. మరి పేజీలో తప్పుంటే వాళ్ళెక్కడ చెప్పాలి సార్ అని ఆమె అడిగింది, అదే ఆమె ఆ ఏడాది మీటింగులో మాట్లాడిన మొదటి మాటా చివరి మాటానూ. అయితే నువ్వే ఏదో ఒకటి చెయ్ అన్నారు. వికీకి తగిలించేలా చిన్న ప్లగిన్ రాసింది. పేజీలో ఏ వాక్యం పక్కన వేలు పెట్టినా పసుపుపచ్చ పట్టీ ఒకటి తెరుచుకుంటుంది, అందులో రాసుకోవచ్చు, రాయగానే రాసినవాడి పేరూ రోజూ గంటా నిమిషమూ దానంతట అదే పడిపోతుంది. పడ్డాక ఎవరూ చెరపలేరు, రాసినవాడు కూడా, ఆఖరికి ఆమె కూడా. దానికే ఆమెకి పొగరు. అందం చందం లేదని అందరూ వంకలు పెట్టారు గానీ, ముద్ర మాత్రం రాతి మీద చెక్కినట్టు పడేది. ఒకడి మాట ఇంకొకడిది కాకూడదు, నిన్నటి మాట ఇవాళ్టిది కాకూడదు, అంతే కదా కావలసింది అనుకునేది.

ముందు గదిలో ఇనుము మీద ఇనుము ఆనిన చప్పుడు. అతను పానాల పెట్టె ముందేసుకుని కూర్చున్నాడు. ఒక్కో పానా తీసి, గుడ్డతో తుడిచి, నేల మీద సైజు ప్రకారం పేర్చి, మళ్ళీ పెట్టెలో పెడతాడు. నాలుగు నెలలుగా రోజూ అంతే. పని లేని పానాలకి మురికెక్కడి నుంచి వస్తుంది, అయినా తుడుస్తాడు. అంచులో మొట్టమొదటి రాత అతనిదే. 'ఈ బొమ్మలో బోల్టు తలకిందులుగా ఉంది.' ఒక్క వాక్యం, కింద పేరు, మధ్యాహ్నం రెండు గంటల పదకొండు నిమిషాలు. ఆమె బొమ్మ చూసింది, నిజంగానే తలకిందులుగా ఉంది, ఏళ్ళుగా అలాగే ఉంది. సరిచేశాం, కృతజ్ఞతలు అని కింద రాసింది. 'కృతజ్ఞతలు అక్కర్లేదు, ఇరవై ఏడో పేజీలో ఇంకోటుంది' అని వచ్చింది. ఆ తర్వాత నలభయ్యో పేజీ. ఆ తర్వాత, గ్రీజు చేతులతో వేలు పెడితే మీ పట్టీ తెరుచుకోవడం లేదు అని ఒక ఫిర్యాదు. చెయ్యి కడుక్కోండి అని ఆమె. కడుక్కోవడానికి లిఫ్టు గుంటలో కుళాయి పెట్టించండి అని అతను. అలా రెండేళ్ళు, బోల్టుల గురించీ బేరింగుల గురించీ, ఎవరు చదివినా తప్పు పట్టలేని మాటలతో, ఒకరికొకరు దగ్గరయ్యారు. పెళ్ళిలో ఎవరో, వీళ్ళ ప్రేమలేఖలకి ఆడిట్ కూడా అయింది అని ఎగతాళి చేస్తే అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆమె ఆఫీసు పెద్దసారే. యాభై రెండు శాతం. ఆ బోల్టు మాటలు కూడా ఇప్పుడు ఈ గీతలోనే ఎక్కడో పాకుతూ ఉంటాయి.

"ఇంకా ఎక్కించడం అవలేదా?" అంటూ అత్తయ్య వంటగదిలోకి వచ్చింది, ఖాళీ గ్లాసు తొట్టిలో పెట్టింది, ల్యాప్‌టాప్ వైపు వంగి చూసింది. ఆవిడకి ఈ మూడు వారాలుగా జరుగుతున్నది ఇల్లు మారడం కిందే లెక్క.

"అవుతోంది అత్తయ్యా. సగం దాటింది."

"మేం తొమ్మిది అద్దె ఇళ్ళు మారాం. మారినప్పుడల్లా ఏదో ఒకటి పోయేది. ఒకసారి రోకలి పోయింది, ఒకసారి గడియారం పోయింది. మీ మామగారు మాత్రం ఒక్కసారీ పోలేదు, అందరికంటే ముందు లారీ ఎక్కి కూర్చునేవారు." తన మాటకి తనే కొంచెం నవ్వి, గొంతు తగ్గించి, "వాడి కాగితం జాగ్రత్తగా ఎక్కించావా?" అంది.

"ఎక్కించాను."

"అదే. మిగతావి ఏవి పోయినా పర్లేదు."

అత్తయ్య వెళ్ళాక నాలుగో సీసా నిండి పొర్లింది. చూసుకోలేదు. ఎక్కించాను, అంది. అబద్ధం కాదు. ఆ కాగితం అని ఆవిడ అంటున్నది ఒక అంచు రాత. ఏడాదిన్నర కిందటిది. బ్రేకు పేజీలో, పట్టాకీ చక్రానికీ మధ్య ఉండాల్సిన ఖాళీ సున్నా పాయింట్ ఏడు మిల్లీమీటర్లు అని ఉన్న వాక్యం పక్కన. 'ఈ మోడల్‌కి ఏడు ఎక్కువ. బరువెక్కితే జారుతోంది. నాలుగు పెడితే నిలుస్తోంది. ఎవరైనా చూడండి.' ఎవరూ చూడలేదు. ఎవరైనా అంటే ఎవరూ కాదని అతనికి తెలియదు పాపం, పేరు పెట్టి రాయాల్సింది. ఆమె కూడా చూడలేదు. పెళ్ళయ్యాక అంచు రాతలు చదవడం మానేసింది, మనిషి ఇంట్లోనే ఉంటే రాతలెందుకు అనుకుందేమో. అతను మళ్ళీ అడగలేదు. పేజీలో ఏముంటే అది బిగించి, పేజీ ప్రకారం చేశాను అని సంతకం పెట్టాలి, ఏడు కాకుండా నాలుగు పెడితే సంతకం చెల్లదు, అందుకని ఏడే పెట్టాడు. నాలుగు నెలల కిందట ఒక ఆసుపత్రి భవనంలో లిఫ్టు తలుపు తెరుచుకుని ఉండగానే జానెడు జారింది. నేల తుడిచే ఆవిడ ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టి బక్కెట్టు లాగుతోంది. ఆవిడ పాదం తీసేశారు. అతను చూడ్డానికి వెళ్ళాడు, పళ్ళు పట్టుకుని. ఆవిడ చెల్లెలు గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టి, నువ్వేనా బిగించింది అంది. నేనే అన్నాడు. పళ్ళు తిరిగి ఇంటికి తెచ్చాడు, ఎవరూ తినలేదు, గిన్నెలోనే మెత్తబడిపోయాయి.

వారం తిరక్కుండా ఆ పేజీలో ఏడు పోయి నాలుగు వచ్చింది. ఎవరు దిద్దారో పాత వికీలో కనిపిస్తుంది, ఏ రోజు దిద్దారో కూడా. కానీ కంపెనీ మాట అది కాదు. పేజీలో నాలుగని ఉంటే మెకానిక్కు ఏడు పెట్టాడు. అదే మాట మీద అతన్ని పనిలోంచి పక్కన పెట్టారు, అదే మాట ఆ చెల్లెలి దాకా వెళ్ళింది, అదే మాట నిలిస్తే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, ఒక మనిషి పాదం జీవితాంతం అతని ఖాతాలో ఉండిపోతుంది. కిందటి నెల మొదటి విచారణలో అతను చెప్పాడు, అప్పుడు ఏడే ఉంది సార్, ఎక్కువని నేను రాసి కూడా పెట్టాను అని. ఆమె అచ్చు తీసి ఇచ్చిన కాగితం చూపించాడు. విచారణాధికారి చెడ్డవాడేం కాదు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇలాంటిది ఎవరైనా కొట్టుకురావచ్చు బాబూ. సిస్టమ్‌లో తెరిచి చూపించు, ఒప్పుకుంటాను" అన్నాడట. ఆ రోజు ఆ గదిలో నెట్టు రావడం లేదు. అందుకని ఎల్లుండి మంగళవారానికి వాయిదా వేశారు. నెట్టు రాకపోవడం వల్ల. తలుచుకుంటే నవ్వొస్తుంది, నోరంతా చేదుగా.

అరవై ఏడు. నీళ్ళ ధార ఇంకా సన్నబడింది. మూడు వారాల కిందట పది రాతలు మాత్రం తీసి కొత్త చోటికి పంపి చూసింది. బాగానే వెళ్ళాయి, ఒక్క అక్షరం చెదరలేదు. పదింటి మీదా ఆమె పేరే పడింది. పదింటి మీదా ఆ రోజు తేదీయే. ఎవడు ఎప్పుడు రాసినా సరే, కొత్త చోట మాత్రం తెచ్చిపెట్టినవాళ్ళే రాసినవాళ్ళు, తెచ్చిన రోజే రాసిన రోజు. ప్రోగ్రాంలో ఎక్కడో పొరపాటనుకుని రెండు రోజులు తవ్వింది, తల ప్రాణం తోకకొచ్చింది, చివరికి క్లౌడ్ వాళ్ళకే రాసింది. రెండు వరసల జవాబు. పేరూ తేదీ బయటివాళ్ళు మార్చే వీలు లేదు, భద్రత కోసమే అలా ఉంచాం, మార్చే ఉద్దేశం లేదు. తను తొమ్మిదేళ్ళ కిందట దేనికి మురిసిపోయిందో వాళ్ళూ దానికే మురిసిపోతున్నారు. ముద్ర రాతి మీద చెక్కినట్టు పడుతుంది. ఎవరూ చెరపలేరు, ఆమె కూడా. పేజీలదీ అదే కథ. పాత కూర్పులన్నీ తేవాలంటే మూడు రోజులు ఎక్కువ పడుతుందని, చివరి కూర్పు చాలు అన్న గడిలో టిక్కు పెట్టారు. ఆ మీటింగులో ఆమె కూడా ఉంది, కిమ్మనకుండా. ఇప్పుడు ఆ కొత్త ఇంట్లో బ్రేకు పేజీ పుట్టడమే నాలుగుతో పుట్టింది. ఏడు అనేది ఎన్నడూ లేదు.

చిన్నప్పుడు ఊళ్ళో బడి పైకప్పు కారి హాజరు పుస్తకం తడిసి ముద్దయితే, మాస్టారు కొత్త పుస్తకం కొనుక్కొచ్చి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, తడి కాగితాలు ఒక్కొక్కటి ఊదుకుంటూ మొత్తం ఏడాది హాజరంతా తిరగరాశారు. ఆమె పక్కన కూర్చుని పేర్లు చదివి పెట్టింది. ఒక్క గీత తప్పు పోలేదు, ఆమెకి జ్వరం వచ్చిన నాలుగు రోజులతో సహా అన్నీ ఉన్నట్టే పడ్డాయి. నెల తిరక్కుండా తనిఖీకి వచ్చిన ఆయన ఒక్కసారి పుట తిప్పి, ఒకే సిరా, ఒకే చెయ్యి, ఇదంతా ఒక్క రోజు కూర్చుని రాసిందే అన్నాడు. అవునండీ, తడిసిపోతే అని మాస్టారు అంటున్నారు. తడిసిన పుస్తకం చూపించండి. పొయ్యిలో పెట్టేశామండీ. మాస్టారు ఆ ఏడాదే ఇంకో ఊరు వెళ్ళిపోయారు. నిజం నిజమే అయినా దాని వయసు దానికి ఉండాలని ఆ రోజు ఆమెకి అర్థం కాలేదు. మాస్టారు ఎందుకు తల దించుకున్నారో, తప్పు చెయ్యని మనిషి ఎందుకలా నిలబడ్డారో అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమై ఏం లాభం.

ఒకసారి అడిగింది, అడగలేదని కాదు. పెద్దసారు గదిలోకి వెళ్ళి నిలబడింది. అన్నిటికీ ఆకుపచ్చ టిక్కు పడితే గాని ఆయనకి నిద్ర పట్టదు, టిక్కుసారు అని వెనకాల అంటారు. పాత సర్వరు ఒక్క నెల ఉంచుదాం సార్ అంది. ఎందుకన్నారు. తేదీలు రావడం లేదు సార్, పేర్లు రావడం లేదు. తేదీలు ఎవడు చూస్తాడమ్మా, విషయం వస్తోందిగా, ఫలానా వాడు ఫలానా రోజు రాశాడని లోపల అక్షరాల్లో చేర్చెయ్. విచారణ ఉంది సార్, మా ఆయనది. అప్పుడాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అది వాళ్ళు చూసుకుంటారు. ఇందులో తలదూర్చకు తల్లీ. పెళ్ళాం కూర్చుని మొగుడి కోసం సర్వరు ఆపించింది అంటారు రేపు. ఇంట్లో ఒకరు ఇప్పటికే ఖాళీగా ఉన్నారు. నీ మంచికే చెబుతున్నాను" అన్నారు. బెదిరించినట్టు కూడా లేదు, నిజంగానే మంచికి చెప్పినట్టే ఉంది, అదే ఇంకా కష్టం. సీటుకి తిరిగొచ్చి విచారణాధికారికి ఉత్తరం టైపు చేసింది. పది వరసలు. పాత సర్వరు ఆపేలోగా మీ మనిషిని పంపి చూసుకోండి అని. పంపలేదు. రోజూ తెరిచి ఒక మాట మార్చి మూసేసేది. 'దయచేసి' రెండు చోట్ల ఉంటే ఒకటి తీసేసింది, మర్నాడు మళ్ళీ పెట్టింది. మూడు వారాలు ఒక దయచేసి చుట్టూ తిరిగింది. మొన్న అన్నం తింటూ అతను తల ఎత్తకుండానే, "నా రాత అటు వస్తుందిగా?" అన్నాడు. వస్తుంది అంది. అంతే అంది. ఆ పూట అతను మారు అడిగి వడ్డించుకున్నాడు. నాలుగు నెలల్లో మొదటిసారి. ఎదురుగా కూర్చుని చూస్తూ, ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు అనుకుంది. ఇంకొంచెం వెయ్యనా అంది.

ఎనభై మూడు. సీసాలు అయిపోయాయి. మూతలు బిగించింది, చేతులు తుడుచుకుంది. తొంభై. ముందు గదిలో పానాల చప్పుడు ఆగింది. తొంభై ఆరు. కొత్త చోట ఒక పేజీ ఊరికే తెరిచి చూసింది, బోల్టు బొమ్మ పేజీ. బోల్టు తలకిందులుగా ఉంది, అని ఆమె పేరు. సరిచేశాం, కృతజ్ఞతలు, అని ఆమె పేరు. కృతజ్ఞతలు అక్కర్లేదు, అని ఆమె పేరు. గ్రీజు, కుళాయి, చెయ్యి కడుక్కోండి, అన్నీ ఇవాళే, పది నిమిషాల్లోపు. అడిగిందీ తనే, చెప్పిందీ తనే. రెండేళ్ళు ఒక పిచ్చిది గోడతో మాట్లాడుకున్నట్టుంది. ప్రతి దాని కిందా చిన్న అక్షరాల్లో అసలు పేరూ అసలు తేదీ ఉన్నాయి, తను చేర్చినవే. కానీ వాటిని ఎవరు చేర్చారంటే పైన పేరు చూసుకోవాలి.

పదకొండుకి ఎనిమిది నిమిషాలుండగా ఫోను మోగింది.

"నూరు పడిందా?"

"ఇప్పుడే పడింది సార్."

"లెక్క సరిపోయిందా?"

"పద్నాలుగు వేల రెండు వందల ఆరు. అటూ ఇటూ అంతే."

"శభాష్. ఇక్కడ సర్వరు గదిలో మనిషి చెయ్యేసి రెడీగా ఉన్నాడు. నీ ప్లగిన్ కాబట్టి నువ్వే అనాలి, కాల్ రికార్డులో పడాలి. ఆపెయ్యమంటావా?"

ఫోనులోంచి ఆ గది హోరు వినిపిస్తోంది. ఎంతకాలంగానో విన్న హోరు, వేసవిలో అందులోకి వెళ్ళి సేదతీరిన గది. వద్దు అంటే ఏమవుతుంది. వద్దు, మంగళవారం దాకా ఉంచండి, అది నా ప్లగిన్, నేనంటున్నాను, రికార్డు చేసుకోండి. ఆయనే అడిగారు కదా. ఒక్క మాట. మీటింగులో కుర్చీ చివర కూర్చున్న పిల్ల ఒక్కసారి అడిగింది కదా, మరి వాళ్ళెక్కడ చెప్పాలి సార్ అని. అప్పుడు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. ఇప్పుడు ఈ ఇంట్లోంచి పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బయటికి వెళ్ళేది ఒక్కరే. నిజంగా అందుకేనా, లేక నోరు విప్పడం ఎప్పుడో మరిచిపోయి, దానికి ఇంటినీ మొగుడినీ సాకుగా చూపిస్తోందా. ఉత్తరం చిత్తులో ఉంది, ఇప్పుడు నొక్కినా వెళుతుంది. ఆదివారం ఎవరు చూస్తారు. నిన్న పంపితే చూసేవాళ్ళు. మొన్న పంపితే.

"హలో, లైన్లో ఉన్నావా అమ్మా?"

"ఆపెయ్యండి సార్" అంది.

హోరు ఒక్కసారిగా పోలేదు. కొద్దికొద్దిగా లోగొంతుకలోకి దిగి, ఏదో సర్దుకుంటున్నట్టు మూలిగి, పోయింది. అవతల ఎవరో చప్పట్లు కొట్టారు. పెద్దసారు విశ్రాంతి తీసుకోమన్నారు. ఫోను పెట్టేసి తలెత్తితే గుమ్మంలో అతను ఉన్నాడు, గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ. మొహం తేటగా ఉంది.

"అయిపోయిందన్నమాట. ఏదీ, తెరువు. ఎల్లుండి ఎక్కడ నొక్కాలో నాకూ తెలియాలిగా. ఆయన ముందు తడుముకుంటే బాగుండదు."

ఆమె బ్రేకు పేజీ తెరిచింది. తెరవకుండా ఉండటానికి ఒక్క కారణమూ తోచలేదు. నాలుగు అన్న అంకె పక్కన వేలు పెట్టింది. పసుపుపచ్చ పట్టీ తెరుచుకుంది, కొత్త చోట అది ఇంకా అందంగా, మెల్లగా తెరుచుకుంటుంది. అతను వంగి చదివాడు. చదివేటప్పుడు పెదవులు కదపడం అతని అలవాటు. ఈ మోడల్‌కి ఏడు ఎక్కువ. ఆగాడు. పైకి చూశాడు. గుండ్రటి గడిలో ఆమె ఫొటో, పక్కన ఆమె పేరు, ఈ రోజు, పది గంటల ముప్ఫై ఒకటి.

"ఇది నువ్వు రాసినట్టుందేంటి?"

"కింద చూడు. నీ పేరుంది, తేదీ ఉంది. నేను పెట్టాను."

"నువ్వు పెట్టావు" అన్నాడు, అడిగినట్టు కాదు. మళ్ళీ పేజీ వైపు చూశాడు. "ఇక్కడ ఏడు ఉండాలి కదా ముందు. పాతది ఎలా తెరుస్తారు?"

"పాతవి రాలేదు. చివరిది ఒక్కటే వచ్చింది."

"సర్వర్లో ఉంటుంది కదా."

అతను ఆమె చేతిలో ఉన్న ఫోను వైపు చూశాడు. ఆపెయ్యండి సార్ అన్న మాట గుమ్మంలో నిలబడే విన్నాడు.

"ఇలా అవుతుందని నీకెప్పుడు తెలుసు?"

ఇవాళే అనవచ్చు. ఇప్పుడే నేనూ చూశాను అనవచ్చు, ఎవరూ కాదనలేరు, దానికి తేదీ ముద్ర ఎక్కడా లేదు.

"మూడు వారాలయింది" అంది.

అతను అరుస్తాడనుకుంది. పానా ఏదైనా విసిరేస్తాడనుకుంది, విసిరితే బాగుండుననుకుంది. అతను ఇంకోసారి తెరకి దగ్గరగా వంగి, తన వాక్యం చివరిదాకా, ఎవరైనా చూడండి దాకా, పెదవులు కదుపుతూ చదివాడు. తెర మీద వేలి మరక పడిందేమోనని గుడ్డ కొసతో తుడిచాడు. ఆ గుడ్డని నాలుగు మడతలు పెట్టి ఫ్రిజ్ మీద పెట్టాడు. చొక్కా మార్చుకోలేదు. చెప్పులు వేసుకుంటుంటే అత్తయ్య గదిలోంచి, "ఎండలో ఎక్కడికిరా, తినే వేళకి?" అంది. మళ్ళీ, "నిన్నేరా" అంది. అతను తలుపు తీసి, బయటికి వెళ్ళి, చప్పుడు కాకుండా దగ్గరకి వేసుకుని మెట్లు దిగాడు.